ఆనాటి రాక్ కచేరీలు: చెవికి వినిపించింది ఎంత, మనసులో మిగిలింది ఎంత

పాత రాక్ సంగీతం గత పదేళ్లలో పదేపదే వార్తల్లోకి వస్తోంది. అమెరికాలోని హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయట వేదికలో బ్రిటన్‌కు చెందిన బీటిల్స్ బృందం 1960లలో ఇచ్చిన కచేరీల టేపులను కంప్యూటర్ సాయంతో శుభ్రం చేసి 2016లో మళ్లీ విడుదల చేశారు. ఆ బృంద సభ్యుడు జాన్ లెనన్ 1970ల చివర్లో ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్న గొంతును పియానో శబ్దం నుంచి విడదీసి, మిగతా సభ్యుల వాద్యాలతో పూర్తిచేసిన పాట 2023 నవంబరులో వచ్చి, 2025లో గ్రామీ పురస్కారం కూడా అందుకుంది. ఇలాంటి విడుదల జరిగినప్పుడల్లా ఒక పాత వాదన మళ్లీ రాజుకుంటుంది. ఆ రోజుల్లో కచేరీలకు వెళ్లినవాళ్లు అంతటి సంగీతం మళ్లీ పుట్టలేదంటారు. ఆ టేపులను మొదటిసారి విన్న కుర్రవాళ్లు కేకలు తప్ప తమకేమీ వినిపించలేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

"ఆనాటి కచేరీలు గొప్పవి" అనే ఒక్క వాక్యంలో కనీసం నాలుగు వేర్వేరు మాటలు ఇమిడి ఉండటం వల్లే ఈ వాదన తెగడం లేదు. అక్కడ వినిపించిన ధ్వని గొప్పదని ఒక మాట, రికార్డుల్లోనూ సినిమాల్లోనూ మనకు దక్కినది అక్కడ జరిగినదేనని రెండో మాట, వెళ్లినవాళ్ల జ్ఞాపకం నమ్మదగినదని మూడో మాట, తక్కువ డబ్బుకు ఎక్కువ ఆనందం దొరికేదని నాలుగో మాట. వీటిని విడివిడిగా పరిశీలిస్తే మొదటిది దాదాపుగా నిలవదు. మిగతా మూడూ పాక్షికంగా నిలుస్తాయి, ఎంత మేరకు నిలుస్తాయన్నదే ఆసక్తికరమైన సంగతి.

రాక్ అండ్ రోల్, పాప్, కచేరీ: ముందుగా పదాల సంగతి

రాక్ అండ్ రోల్ అనేది 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో నల్లజాతి సంగీతకారుల రిథమ్ అండ్ బ్లూస్‌కు, తెల్లజాతి పల్లె సంగీతమైన కంట్రీకి మధ్య గోడ కూలినప్పుడు రూపుదిద్దుకున్న సంగీతం. 1960ల నడుమకు వచ్చేసరికి దాని పేరు కురచబడి రాక్ అయింది, గిటార్ల మోత పెరిగింది, పాటల నిడివీ ఆశయమూ పెరిగాయి. పాప్ అనే మాటకు ఒక ప్రత్యేకమైన శైలి లేదు. ఏ కాలంలో ఎక్కువమంది కొని వినే పాటలు ఏవైతే అవే ఆ కాలపు పాప్. అందువల్ల 1964 నాటి బీటిల్స్‌ను రెండు పేర్లతోనూ పిలవవచ్చు.

తొలి రాక్ కచేరీగా చాలామంది చరిత్రకారులు చెప్పేది 1952 మార్చి 21న ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ ముందుండి జరిపించిన కార్యక్రమాన్ని. సుమారు పదివేలమంది పట్టే ఆ హాలుకు దానికి రెట్టింపు జనం వచ్చారు, తలుపులు విరిగాయి, తొలి పాటలు మొదలైన కాసేపటికే పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది దాన్ని ఆపించేశారు. నగరాల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చునే చోట్లు అరుదైన ఆ కాలంలో ఇద్దరూ ఒకే సంగీతం కోసం ఒకే హాలుకు రావడమే అసలు వార్త. అక్కడ సంగీతం ఎంతసేపు సాగిందన్నది ఎవరికీ ముఖ్యం కాలేదు. తరువాతి ఇరవై ఏళ్ల కచేరీలను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క వివరం చాలా ఉపయోగపడుతుంది.

షే స్టేడియంలో ధ్వని లెక్క

1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ సుమారు 55,600 మంది ముందు పాడారు. బేస్‌బాల్ మైదానం మధ్యలో వేదిక, చుట్టూ ప్రేక్షకుల గ్యాలరీలు, వాటికీ వేదికకూ మధ్య ఖాళీ పచ్చిక. పన్నెండు పాటలు, దాదాపు అరగంట. గిటార్ల కోసం వాక్స్ సంస్థ ఒక్కొక్కటి 100 వాట్ల శక్తిగల యాంప్లిఫయర్లను సమకూర్చింది. పాట మాత్రం ప్రధానంగా స్టేడియంలో ఆటగాళ్ల పేర్లు చదవడానికి అమర్చిన స్పీకర్ల నుంచే వచ్చింది. జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు చెప్పే మైకు సెట్టులో సంగీత కచేరీ వింటే ఎలా ఉంటుందో ఊహించుకోగలిగిన పాఠకుడికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

అయినా లెక్క వేసి చూడటం మంచిది. ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ఇది మామూలు కొలత లాంటిది కాదు: పది డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు పెరిగినట్టు, చెవికి మాత్రం సుమారు రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది. బహిరంగ ప్రదేశంలో మూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ తీవ్రత ఆరు డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక మంచి గిటార్ స్పీకరు ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరంలో సుమారు 100 డెసిబెల్‌లు ఇస్తుందనుకుందాం. వంద వాట్లిస్తే అది 120 అవుతుంది. రెండు మీటర్ల దగ్గర 114, నాలుగు దగ్గర 108, ఎనిమిది దగ్గర 102, పదహారు దగ్గర 96, ముప్పైరెండు దగ్గర 90, అరవైనాలుగు మీటర్ల దగ్గర 84. పక్క కుర్చీలోని అమ్మాయి గొంతెత్తి అరిస్తే మన చెవి దగ్గర సులువుగా వంద డెసిబెల్‌లు ఉంటుంది. అంటే గిటారు కంటే ఆ ఒక్క కేకకే దాదాపు నలభై రెట్ల శక్తి ఉంది, అలాంటి కేకలు వేలకొద్దీ ఉన్నాయి. పై వరుసల్లోని ప్రేక్షకుడికి పాట అర్థం కాలేదంటే అది అతని చెవి లోపం కాదు, ధ్వని సిబ్బంది అశ్రద్ధ కూడా కాదు. అంతమంది జనానికి సరిపోయే ధ్వని సామగ్రి అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

దూరంతో వచ్చే రెండో ఇబ్బంది ఆలస్యం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి 0.3 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. నిమిషానికి 160 దరువులుండే వేగమైన పాటలో ఒక్కో దరువుకూ మధ్య వ్యవధి 0.375 సెకను. వేదిక మీద డ్రమ్ము కర్ర పడటం కళ్లకు కనిపించాక దాదాపు ఒక దరువు గడిచి చెవికి చేరుతుందన్నమాట. పైగా స్టేడియం నిండా దూరదూరంగా అమర్చిన స్పీకర్ల నుంచి ఒకే మాట వేర్వేరు క్షణాల్లో వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతుంది.

వేదిక మీదివాళ్ల పరిస్థితి ఇంకా అధ్వానం. ఈ రోజు గాయకుల కాళ్ల దగ్గర, లేదా చెవుల్లో, వాళ్ల గొంతును వాళ్లకే వినిపించే మానిటర్లు ఉంటాయి. షే స్టేడియంలో అవి లేవు. డ్రమ్స్ వాయించే రింగో స్టార్ తన ముందు నిలబడిన సహచరుల వీపుల కదలికలను, తల ఊపును చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడినని తరువాత పలుమార్లు చెప్పారు. ఇలా ఏడాది గడిచాక, 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో ఆ బృందం తన చివరి పూర్తిస్థాయి టికెట్ కచేరీ ఇచ్చి స్టూడియోకు పరిమితమైపోయింది. ఆ కచేరీని వాళ్ల ప్రచార అధికారి టోనీ బ్యారో ఒక చిన్న క్యాసెట్ రికార్డర్‌తో రికార్డు చేశారు. ఆఖరి పాట నడుస్తుండగానే టేపు అయిపోయింది.

మనకు దక్కిన రికార్డింగు దేన్ని వినిపిస్తోంది

షే స్టేడియం కచేరీని సినిమాగా తీశారు. 1966 జనవరిలో లండన్‌లోని ఒక స్టూడియోలో ఆ బృందం కూర్చుని కొన్ని పాటలను కొత్తగా వాయించి, పాడి ఆ చిత్రానికి అతికింది. ఒక పాటకైతే అప్పటికే మార్కెట్లో ఉన్న రికార్డు శబ్దాన్నే వాడుకున్నారు. కాబట్టి ఆ చిత్రం చూసి "షే స్టేడియంలో ఎంత బాగా పాడారో" అనుకునేవాళ్లు కొంతవరకు లండన్ స్టూడియోను మెచ్చుకుంటున్నారు.

హాలీవుడ్ బౌల్ టేపుల కథ వేరు. 1964, 1965 సంవత్సరాల్లో అక్కడ జరిగిన కచేరీలను మూడు ట్రాకుల మీద రికార్డు చేశారు. కేకల హోరు ఎంత ఎక్కువగా ఉందంటే వాటిని విడుదల చేయడానికి 1977 దాకా ఎవరూ ధైర్యం చేయలేదు. అప్పట్లో వడపోత అంటే ఫలానా స్థాయి (ఫ్రీక్వెన్సీ) శబ్దాలన్నిటినీ కలిపి తగ్గించడం. కేకా గాత్రమూ ఒకే స్థాయిలో ఉంటే రెండూ కలిసే పోతాయి. 2016 నాటికి వచ్చిన పద్ధతి దీనికి భిన్నం. గిటారు శబ్దం ఏ తరహాలో పుట్టి ఏ తరహాలో చల్లారుతుందో, గొంతు ఎలా సాగుతుందో నమూనాలుగా పట్టుకుని, కలగలిసిన టేపులోంచి ఆ నమూనాకు సరిపోయే భాగాలను మాత్రమే కంప్యూటర్ ఏరి వేరుచేస్తుంది. ఫలితంగా వాళ్లు ఎంత బిగువుగా వాయించారో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది, ఒకరి శబ్దం ఒకరికి వినపడని స్థితిలో అంత లయబద్ధంగా ఉండటం నిజంగా ఆశ్చర్యమే.

అయితే ఆ శుభ్రమైన ధ్వనిని 1965లో ఆ కొండ వాలులో కూర్చున్న ఒక్క మనిషి కూడా వినలేదు. వేదిక మీద జరిగినదానికి ఆ టేపు దగ్గరైంది, ప్రేక్షకుడు పొందిన అనుభవానికి దూరమైంది. రెండూ చరిత్రే గానీ రెండూ ఒకే చరిత్ర కావు. ఇలా శుభ్రం చేయడం గతాన్ని మార్చేయడమని కొందరు ఆక్షేపిస్తారు. మసకబారిన తైలవర్ణచిత్రాన్ని తుడిచినంత మాత్రాన చిత్రకారుడికి ద్రోహం చేసినట్టు కాదని మరికొందరు అంటారు. నా ఉద్దేశంలో పాత టేపునూ పక్కన అందుబాటులో ఉంచినంతకాలం ఈ తగాదాకు పెద్దగా ఆస్కారం లేదు.

ఒకే భవనం, రెండు రాత్రులు, చాలామంది సాక్షులు

జ్ఞాపకానికీ రికార్డుకూ మధ్య పొరపొచ్చాలు ఎలా వస్తాయో చూడటానికి బాబ్ డిలన్ ఉదంతం కంటే మంచిది దొరకదు. జానపద గాయకుడిగా పేరు తెచ్చుకున్న డిలన్ 1965 జులై 25న న్యూపోర్ట్ జానపదోత్సవంలో ఎలక్ట్రిక్ గిటారుతో, పూర్తి బృందంతో వేదికెక్కి మూడు పాటలు పాడారు. జనం కొందరు అల్లరి చేశారు. ఎందుకు చేశారన్న ప్రశ్నకు అక్కడున్నవాళ్లే మూడు రకాల సమాధానాలు చెబుతారు: జానపదానికి ద్రోహం చేశాడని కొందరు, ధ్వని చెదిరి మాటలు అర్థం కాలేదని కొందరు, ముఖ్య గాయకుడు మూడే పాటలు పాడి దిగిపోతున్నాడని కొందరు. సీనియర్ జానపద గాయకుడు పీట్ సీగర్ గొడ్డలితో మైకు తీగ నరకబోయాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది. సీగర్ చెప్పినది మాత్రం, మాటలు అర్థం కానంతగా ధ్వని చెదిరిపోయినందుకే కోపం వచ్చిందని, గొడ్డలి దొరికితే తీగ నరికేవాడినని అన్నానని. కోపంలో అన్న మాట కొన్ని దశాబ్దాల్లో కళ్లారా చూసిన దృశ్యమైపోయింది.

మరుసటి ఏడాది మే 17న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలులో ఆయన కచేరీ రెండో భాగంలో ప్రేక్షకుల్లోంచి ఒకరు "జూడస్!" అని అరిచారు, అంటే నమ్మకద్రోహి అని. ఈ కేక టేపులో స్పష్టంగా ఉంది కాబట్టి అది జరిగిందన్నదానిలో అనుమానం లేదు. కానీ దొంగచాటుగా చేతులు మారిన ఆ టేపు మీద దశాబ్దాల పాటు లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలు పేరు ఉండేది. దాంతో ఆ కేక లండన్‌లో వినిపించిందని ఒక తరం మొత్తం నమ్మింది. 1998లో అధికారికంగా విడుదలయ్యాకగానీ ఊరు సరిగా అందరికీ తెలియలేదు. అరిచింది తానేనని ఒకరికంటే ఎక్కువమంది ముందుకొచ్చారు. వాళ్లలో ఎవరూ అబద్ధమాడి ఉండనక్కర్లేదు. ఆ రాత్రి అరిచినవాళ్లు చాలామంది, టేపులో పడింది ఒక్కటి.

అదే భవనంలోని చిన్న హాలులో సుమారు పదేళ్ల తరువాత, 1976 జూన్ 4న, సెక్స్ పిస్టల్స్ అనే బృందం వాయించింది. వచ్చినవాళ్లు సుమారు నలభై మంది ఉంటారని అంచనా. ఆ కొద్దిమందిలోంచే తరువాత బజ్‌కాక్స్, జాయ్ డివిజన్ వంటి బృందాలు పుట్టుకొచ్చాయి కాబట్టి ఆ రాత్రికి గొప్ప పేరొచ్చింది, పేరొచ్చాక అక్కడ తామూ ఉన్నామని చెప్పేవాళ్ల సంఖ్య హాలులో పట్టేవాళ్లను మించిపోయింది. ఈ గందరగోళానికి ఒక మామూలు కారణమూ ఉంది: అదే బృందం అదే హాలులో జులై 20న మళ్లీ వాయించింది, అప్పుడు జనం బాగా వచ్చారు. రెండో రాత్రికి వెళ్లినవాళ్ల మనసులో అది క్రమంగా మొదటి రాత్రిగా మారి ఉండవచ్చు.

వుడ్‌స్టాక్‌ను ఎవరు చూశారు

1969 ఆగస్టు 15 నుంచి 18 వరకు న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్‌లో మాక్స్ యాస్గర్ అనే పాడిరైతు పొలంలో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవానికి నాలుగు లక్షలకు పైగా జనం వచ్చారని అంచనా. ముందుగా అమ్ముడైన టికెట్లు 1,86,000. కంచె పూర్తికాకముందే జనం లోపలికి వచ్చేయడంతో నిర్వాహకులు ఉచితమని ప్రకటించక తప్పలేదు. ఎత్తైన బురుజుల మీద స్పీకర్లు పెట్టి ఆ పొలమంతటికీ వినిపించేలా చేసిన ధ్వని నిపుణుడు బిల్ హ్యాన్లీ పనితనం వల్ల షే స్టేడియం కంటే ఇక్కడ పాటలు మెరుగ్గా వినిపించాయి. నాలుగేళ్లలో అంత మార్పు.

ఉత్సవానికి ప్రతీకగా అందరూ చెప్పే ఘట్టం జిమీ హెండ్రిక్స్ గిటారు మీద అమెరికా జాతీయగీతాన్ని వాయించడం. అది జరిగింది సోమవారం ఉదయం. వర్షం, బురద, ఆకలి, ఆఫీసు వేళ కలిసి అప్పటికే జనంలో అత్యధికులు దారిపట్టారు. నాలుగు లక్షలమందిలో పదో వంతు మిగిలి ఉంటారేమో. అంటే వుడ్‌స్టాక్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఆ ఘట్టాన్ని చూసింది 1970లో విడుదలైన డాక్యుమెంటరీలో, సినిమాహాలు కుర్చీలో కూర్చుని. అయినా ఉత్సవం గురించి వాళ్లు చెప్పే మాటల్లో ఆ ఘట్టం సహజంగా చేరిపోతుంది, ఇందులో మోసమేమీ లేదు.

అక్కడే శుక్రవారం రాత్రి వానలో సితార్ వాయించిన పండిత రవిశంకర్ జ్ఞాపకం పూర్తిగా వేరు. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో ఒక మధ్యాహ్నమంతా ఆయనకే కేటాయించారు, అల్లారఖా తబలాతో సాగిన ఆ కచేరీని శ్రోతలు నిశ్శబ్దంగా విన్నారు, ఆ అనుభవాన్ని ఆయన ఇష్టంగా తలచుకునేవారు. వుడ్‌స్టాక్ విషయంలో మాత్రం బురదలోని ఆ జనాన్ని చూస్తే మనదేశంలో మడుగుల్లో పడుకునే గేదెలు గుర్తొచ్చాయని రాసుకున్నారు. ఒకే ఉత్సవం గురించి శ్రోత చెప్పేదీ కళాకారుడు చెప్పేదీ ఇంత దూరంగా ఉండగలవు. శ్రోతకు బురద కూడా ఆనందంలో భాగమే. తంత్రులు తడిసి శ్రుతి జారిపోతున్న వాద్యకారుడికి అది బురదే.

జ్ఞాపకం ఏ వయసు దగ్గర ఉబ్బుతుంది

వయసు మళ్లినవాళ్లను తమ జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, సుమారు పది నుంచి ముప్పై ఏళ్ల వయసులో జరిగినవి మిగతా కాలాల కంటే ఎక్కువగా బయటికి వస్తాయి. మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. గీత గీస్తే ఆ వయసు దగ్గర ఒక ఉబ్బు కనిపిస్తుందని ఆ పేరు. మొదటి ఉద్యోగం, మొదటి ప్రేమ, ఇల్లు విడిచి వెళ్లడం వంటివన్నీ అప్పుడే జరుగుతాయి కాబట్టి అని ఒక వివరణ. మెదడు కొత్త విషయాలను అప్పుడే బలంగా ముద్రించుకుంటుందని ఇంకొకటి. సంగీతం విషయంలో ఈ ఉబ్బు మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

దీన్ని పట్టుకుని, 1960ల సంగీతం గొప్పదనడం కేవలం ఆ తరం తన యవ్వనాన్ని తలచుకోవడమేనని తేల్చేయవచ్చా? కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కరోల్ క్రుమ్‌హాన్స్ల్, మరో పరిశోధకుడు జస్టిన్ జుప్నిక్‌తో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడే చిక్కుముడి వేసింది. ఇరవై ఏళ్ల వయసు విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా అమెరికాలో బాగా ఆడిన పాటలు వినిపిస్తే, తమ కాలపు పాటలతో పాటు తల్లిదండ్రులు యవ్వనంలో ఉన్న 1980ల తొలినాళ్ల పాటలకూ, మళ్లీ విడిగా 1960ల పాటలకూ వాళ్లు ఎక్కువగా స్పందించారు. తల్లిదండ్రుల పాటల సంగతి అర్థమవుతుంది: ఇంట్లో మోగిన పాట పిల్లల జ్ఞాపకంలో చేరుతుంది. ఘంటసాల కన్నుమూసిన 1974 తరువాత పుట్టిన తెలుగువాళ్లకు కూడా ఆయన పాటలు కంఠతా వచ్చి ఉండటానికి కారణం ఇదే. 1960ల ఉబ్బుకు మాత్రం ఆ అధ్యయనం రెండు అవకాశాలు చూపింది. తాతయ్యలు, నాయనమ్మల కాలం నుంచి ఇళ్లలో దిగివచ్చిన ప్రభావం కావచ్చు. లేదా ఆ పాటల్లోనే ఏదో ప్రత్యేకత ఉండవచ్చు.

రెండో అవకాశాన్ని బలపరిచే సంగతులు లేకపోలేదు. యుద్ధానంతరం 1946 నుంచి 1964 వరకు అమెరికాలో పుట్టిన పిల్లలు సుమారు 7.6 కోట్లమంది. 1949లో వచ్చిన చౌక 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) రికార్డులు, 1954లో మార్కెట్లోకి వచ్చిన తొలి ట్రాన్సిస్టర్ రేడియో వాళ్లకు పెద్దవాళ్ల హాలులోని రేడియోగ్రామ్ నుంచి స్వేచ్ఛ ఇచ్చాయి. ఒక తరం తన గదిలో తన పాటలను తానే ఎంచుకుని వినగలగడం అంతకు ముందు జరగలేదు. దానికి తోడు టెలివిజన్: 1964 ఫిబ్రవరి 9 రాత్రి ఎడ్ సలివన్ కార్యక్రమంలో బీటిల్స్‌ను చూసినవాళ్లు సుమారు 7.3 కోట్లు. అంతమందికి ఒకే రాత్రి ఒకే సంగీతానుభవం కలిగితే ఆ జ్ఞాపకం ఒకరిది ఒకరు గట్టిపరుచుకుంటారు.

వ్యతిరేకంగా చెప్పేవీ ఉన్నాయి. లండన్ పరిశోధకుల బృందమొకటి 1960 నుంచి 2010 దాకా అమెరికా జాబితాలకెక్కిన సుమారు 17,000 పాటలను కంప్యూటర్‌తో విశ్లేషించి 2015లో ఫలితాలు ప్రచురించింది. సంగీతం తీరు హఠాత్తుగా మారిన సందర్భాలు మూడు కనిపించాయి: 1964, 1983, 1991. అన్నింటికంటే పెద్ద మార్పు ర్యాప్ ముందుకొచ్చిన 1991 నాటిదని వాళ్లు తేల్చారు. 1964 మార్పును బ్రిటిష్ బృందాలు మొదలుపెట్టలేదని, అప్పటికే సాగుతున్న ధోరణిని వేగవంతం చేశాయని కూడా అన్నారు. ఇక వడపోత సంగతి సరేసరి. వుడ్‌స్టాక్ జరిగిన 1969లో అమెరికాలో ఏడాది మొత్తానికి మొదటి స్థానం దక్కించుకున్న పాట హెండ్రిక్స్‌ది కాదు. ఆర్చీస్ అనే కార్టూన్ బృందం పేరిట స్టూడియో గాయకులు పాడిన చక్కెర పాకం లాంటి పాట. ఆనాటి నాసిరకం పాటలను కాలం ఎప్పుడో పారేసింది. ఈనాటివి ఇంకా మన చెవుల్లో మోగుతున్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తూచడం న్యాయం కాదు.

టికెట్ ధర: పోల్చడంలో ఉన్న మెలికలు

షే స్టేడియంలో ఖరీదైన టికెట్ 5.65 డాలర్లు. అమెరికాలో ధరలు అప్పటికీ 2024కీ మధ్య సుమారు పది రెట్లు పెరిగాయి కాబట్టి నేటి లెక్కలో అది 56 డాలర్లు. 2023 మార్చి నుంచి 2024 డిసెంబరు దాకా సాగిన అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ పర్యటనలో 149 కచేరీలకు కోటి మందికి పైగా వచ్చారు, టికెట్ల రాబడి 200 కోట్ల డాలర్లు దాటింది. సగటున ఒక్కొక్కరికి సుమారు 204 డాలర్లు. నాలుగింతలకు దగ్గరగా పెరిగిందని ఇక్కడితో ఆగిపోవచ్చు.

కానీ షే కచేరీ అరగంట, స్విఫ్ట్ కచేరీ మూడు గంటలకు పైన. నిమిషానికి ఇంతని లెక్కేస్తే 1965 టికెట్టే ఖరీదైనది. వుడ్‌స్టాక్‌కు మూడు రోజులకు ముందస్తు ధర 18 డాలర్లు, నేటి విలువలో 150 డాలర్లకు పైమాటే, అంటే అది ఎప్పుడూ చౌక కాదు. కంచె లేకపోవడం వల్ల చౌకైంది. అసలు మెలిక వేరేచోట ఉంది. 1960లలో కళాకారులకు, ముఖ్యంగా వాళ్ల కంపెనీలకు ఆదాయం రికార్డుల అమ్మకం మీద వచ్చేది, కచేరీ ఆ రికార్డులకు ప్రచారం. ఈ రోజు పాట నెలవారీ చందాలో దాదాపు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి లెక్క తిరగబడింది, పాట కచేరీకి ప్రచారమైంది. అభిమాని సంవత్సరం మొత్తంలో సంగీతానికి పెట్టే ఖర్చును కలిపి చూడకుండా టికెట్‌ను ఒక్కదాన్నీ పోల్చితే పొరపడతాం. అయితే గిరాకీని బట్టి క్షణక్షణం ధర మార్చే విధానాన్ని ఈ వాదనతో సమర్థించలేం. 2024 ఆగస్టులో బ్రిటన్‌లో ఒయాసిస్ అనే రాక్ బృందం పునఃకలయిక కచేరీలకు 150 పౌండ్ల లోపు అనుకున్న కొన్ని టికెట్లు క్యూలో గంటల తరబడి వేచి ఉన్నవాళ్ల కళ్ల ముందే 350 పౌండ్లు దాటాయి. షే స్టేడియం అభిమాని ఎరగని బాధ అది.

వేదికకు దగ్గరగా నిలబడటం

పాత కచేరీల గురించి ఇష్టంగా చెప్పే మాటల్లో తరచూ వచ్చేది దగ్గరితనం: కుర్చీల వరుసలు లేవు, ముందొచ్చినవాడు ముందు నిలబడ్డాడు, గాయకుడి చెమట కనిపించింది అని. అది నిజం. 1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీలో సుమారు మూడు లక్షలమంది ఎదుట వేదిక ఎత్తు దాదాపు నడుముదాకానే ఉంది, కాపలాకు మోటార్‌సైకిల్ ముఠా వాళ్లను పెట్టారు, వేదిక ముందే ఒక యువకుడు కత్తిపోట్లకు చనిపోయాడు. 1979 డిసెంబరు 3న సిన్సినాటిలో ది హూ బృందం కచేరీకి అమ్మిన టికెట్లలో అత్యధిక భాగం సీటు నంబరు లేనివి. లోపలి నుంచి శబ్దం వినిపించగానే కచేరీ మొదలైందనుకుని బయట చలిలో నిలబడ్డ జనం తెరిచిన కొద్దిపాటి తలుపుల వైపు ఒక్కసారిగా కదిలారు, పదకొండుమంది ఊపిరాడక చనిపోయారు. ఆ సంగతి కచేరీ ముగిసేదాకా బృందానికి చెప్పలేదు. లోపల పాటలు ఆనందంగా విని బయటికొచ్చిన వేలాదిమందికీ అప్పుడే తెలిసింది.

ఆ నెలలోనే సిన్సినాటి నగరపాలక మండలి సీటు నంబరు లేని టికెట్లను నిషేధించింది. ఇరవైనాలుగేళ్లకు పైగా ఆ నిబంధన అమల్లో ఉంది. మధ్యలో 2002లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీకి ఒక్కసారి మినహాయింపు ఇచ్చారు. పెద్ద కళాకారులు తమ ఎదుట నిలబడిన జనమే కావాలంటున్నారని, నిబంధన వల్ల తమ ఊరిని దాటి వెళ్లిపోతున్నారని చివరకు 2004లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు అక్కడ నిలబడి చూసే కచేరీలు మళ్లీ జరుగుతున్నాయి, ఎంతమందిని ఎన్ని తలుపుల నుంచి ఎంత ముందుగా లోపలికి పంపాలన్న నియమాలతో.